మస్తాన్ బీ మింగిన ఇనుము

2003 వానాకాలం మొదట్లో నన్ను ఖమ్మం పట్నం నుంచి, ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. ఇందులోని మనుషులు చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. నన్ను ఇబ్బంది పెట్టుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు. ఈ కథలో తప్పు నాదే ఎక్కువ.

ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక కిటికీ, కరెంటు పోతే అద్దం తిప్పి ఎండను పట్టుకునే మైక్రోస్కోపు. మా పనిలో ముప్పాతిక భాగం మలేరియా. జ్వరం అన్న ప్రతి మనిషి వేలి నుంచి రక్తం తీసి, ఒకే గాజు పలక మీద రెండు పూతలు పూస్తాం. ఒకటి మందపాటిది, ఒకటి పల్చటిది. మందపాటి పూతకు నీళ్ళ రంగు పట్టించగానే అందులోని ఎర్రకణాలన్నీ పగిలిపోతాయి, మలేరియా క్రిములు మాత్రం మిగులుతాయి. క్రిమి ఉందో లేదో జల్దీగా తేల్చడానికి అది చాలు. పల్చటి పూతలో కణాలు పగలవు, ఒక్కో కణం దాని ఆకారంతో కనబడుతుంది. మందపాటి దాంట్లో క్రిమి దొరికితే, అది ఏ జాతిదో ఖాయం చేసుకోవడానికి పల్చటి దాని మీదికి పోతాం. దొరక్కపోతే పల్చటి పూతను ఎవరూ చూడరు. రోజుకు అన్నేసి పలకలు వచ్చిపడుతుంటే చూసే తీరిక ఎవరికుంటుంది? నెగెటివ్ అని రాసి, సంతకం పెట్టి, డబ్బాలో పడేసేదాన్ని. కొన్నాళ్ళకు వాటిని సోడా నీళ్ళలో కడిగి మళ్ళీ వాడేవాళ్ళం.

రెండో పని హిమోగ్లోబిన్ చూడటం. యంత్రంతో కాదు, సాలీ గొట్టం అనే గీతల గాజుగొట్టంతో. పల్చటి యాసిడ్‌లో కొలత ప్రకారం రక్తం వేసి, పది నిమిషాలు ఆగి, పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు కలిసేదాకా చుక్క చుక్క డిస్టిల్డ్ వాటర్ కలుపుతూ పోవాలి. ఎక్కడ కలిసిందో అక్కడి గీత చదవాలి. ఎనిమిది గ్రాములకు తక్కువ వచ్చిన ఆడవాళ్ళందరికీ ఐరన్ మాత్రలు. నెల తర్వాత మళ్ళీ పరీక్ష. రిజిస్టర్‌లో రెండే గడులుండేవి: 'పెరిగింది', 'మాత్రలు వాడలేదు'. మాత్రలు వాడినా పెరగలేదు అని రాసుకోవడానికి చోటు లేదు. అలాంటి మనిషి ఉంటుందని ఆ రిజిస్టర్ గీసినవాళ్ళకు తోచలేదు. నాకూ తోచలేదనుకోండి.

మస్తాన్ బీ ఆ రిజిస్టర్‌లో ప్రతి నెలా ఉండేది. అంగన్‌వాడీ కేంద్రంలో ఆయా. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళు ఉంటాయి. దూదేకుల వాళ్ళ ఇంటి కోడలు, భర్త సైదులు పరుపులు, దిండ్లు కుట్టేవాడు. బక్క మనిషి, మొహం పాలిపోయి ఉండేది, కళ్ళలో కాస్త పసుపు. ఆ పసుపును కూడా నేను అడవి జ్వరాల ఖాతాలోనే వేసేశాను. గొట్టంలో ఎప్పుడు చూసినా ఏడుంబావు, ఏడున్నర. రెండు నెలలు, మూడు నెలలు, ఆరు నెలలు గడిచినా అదే అంకె. పైగా పిల్లలకు, గర్భిణులకు ఐరన్ మాత్రలు పంచేది ఈవిడే. నెలాఖరు సమీక్షలో మా మెడికల్ ఆఫీసరు ఆ వరస దగ్గరికి రాగానే పెన్ను ఆపి నా వైపు చూసేవాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయేది.

మాత్రలు మింగుతున్నావా అని అడిగితే, "మింగుతున్న మేడమ్, రోజూ అన్నం తిన్నంక మింగుతున్న" అనేది.

దానికి మా దగ్గర ఇంకో పరీక్ష ఉండేది. ఐరన్ పడిన మనిషికి దొడ్డికి నల్లగా వస్తుంది. ఆ ప్రశ్న అడిగే బాధ్యత మా ఏఎన్ఎం విజయది. విజయ మంచి పనిమంతురాలు, గొంతే కాస్త పెద్దది. అంగన్‌వాడీ ముందు, పదిమంది తల్లులు వింటుండగా అడిగేసింది. మస్తాన్ బీ తల దించుకుని, "నల్లగనే వస్తంది సిస్టర్. ఇగ ఎట్ల చెప్పాలె మీకు?" అంది. విజయ ఆ సంగతి నాకు చెబుతూ, "అందరు అట్లనే అంటరు మేడమ్. కోళ్ళకేస్తుండొచ్చు" అంది. కోళ్ళకు వేస్తోందని మేమిద్దరం తేల్చేసుకున్నాం. ఆమె ఇంట్లో కోళ్ళున్నాయో లేదో కూడా మాకు తెలియదు.

అప్పుడు నాకో గొప్ప ఉపాయం తట్టింది. ఆ రోజుల్లో క్షయ రోగులకు మందులు ఇంటికివ్వకుండా, కార్యకర్త ఎదురుగా మింగించే పద్ధతి నడుస్తోంది. ఈవిడకూ అదే పెట్టండని నేనే సెక్టార్ మీటింగులో అన్నాను. అందరూ బాగుందన్నారు. డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. అప్పటిదాకా రోజుకు ఒకటి, ఇక నుంచి రెండు, విజయ ఎదురుగా. విజయ రాని రోజున ఆమె నడిచి ల్యాబ్‌కు రావాలి. మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక ఎత్తి చూపించాలి. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి చేత చంటిపిల్ల చేత చేయించినట్టు చేయించాను. ఏడాదిన్నరకు తక్కువ కాకుండా నడిచింది ఈ తతంగం.

రక్తం ఏడున్నర దాటలేదు. నా తల ప్రాణం తోకకొచ్చింది. బయటికి పోయి కక్కేస్తోందేమో అన్నాను ఒకసారి, ఆమె మొహం మీదే. "నేనేం దొంగనా మేడమ్?" అంది. తర్వాతి మనిషిని పిలిచాను.

2005 ఆగస్టు సమీక్షలో డాక్టరు ఇక మాత్రలు లాభం లేదన్నాడు. సోమవారం నుంచి ఐరన్ ఇంజక్షన్లు, రోజు విడిచి రోజు, మొత్తం పది. తుంటి కండలో లోతుగా వేస్తారు, వేసినచోట చర్మం గోధుమరంగు తిరుగుతుంది. నోటితో మింగేదైతే పేగు ఎంతో కొంత వద్దనగలదు. సూదితో ఎక్కించింది ఇక ఒంట్లోదే. అదే సమావేశంలో ఆమెకు ఒక మెమో కూడా ఇచ్చారు, మాత్రలు పంచే మనిషి తాను వాడకపోవడం తగదని. ఆమె ఆ కాగితం మీద వేలిముద్ర కాదు, సంతకం పెట్టింది. ఐదో తరగతి దాకా చదువుకుంది.

ఆ వారం విజయ ఊళ్ళు తిరిగి జ్వరాల పలకలు తెచ్చింది. పలకల మీద పేర్లుండవు, నంబర్లే. పేర్లు వేరే ఫారంలో ఉంటాయి. శుక్రవారం పొద్దున ఒక దాంట్లో ఫాల్సిపారం జాతి మలేరియా క్రిములు ఉంగరాల్లా కనబడ్డాయి. సరే అని పల్చటి పూత మీదికి జరిగాను.

ఆ కణాలను చూసి క్రిమి సంగతి మరచిపోయాను. ఎర్రకణాలన్నీ ఇంచుమించు ఒకే సైజులో గుండ్రంగా ఉండాలి. ఇక్కడ ఒకటి ఆవగింజంత ఉంటే పక్కది దానికి మూడింతలు. కొన్ని నీటిబొట్టులా సాగాయి. చాలావాటికి నడిమధ్య ఒక చుక్క, చుట్టూ తెల్లటి వలయం. ఇంకా ఘోరం, కేంద్రకం ఉన్న ఎర్రకణాలు. అవి ఎముక మజ్జలో ఉండాల్సిన పసి కణాలు, పెద్దవాళ్ళ రక్తంలో తిరగకూడదు. ఇనుము తక్కువైనా కణాలు చిన్నబోతాయి, పాలిపోతాయి. కానీ ఇంత గందరగోళం ఉండదు. ఇలాంటి రక్తం నేను చదువుకునే రోజుల్లో ఒక్కసారి చూశాను, అదీ ఒక చంటిబిడ్డది. ఎవరి బిడ్డో అనుకుంటూ ఫారం తీసి నంబరు వెతికాను. మస్తాన్ బీ పేరుంది.

నేను లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాను. ఏం చేయాలో తోచక ఇంకోసారి నంబరు సరిచూసుకున్నాను. అదే.

డాక్టరు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన కుర్రవాడు, చెడ్డవాడు కాదు, కానీ టెక్నీషియన్ వచ్చి రోగ నిర్ధారణ చెబితే ఏ డాక్టరుకు నచ్చుతుంది? మలేరియా ముదిరితే కణాలు అలాగే చెడతాయి, మీరు క్రిములు చూడండి చాలు అన్నాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, అందుకే ఇంకా చిర్రెత్తుకొచ్చింది. జ్వరం లేనప్పటి రక్తం చూపిస్తే నమ్ముతారా అని అడిగాను. ఎక్కడుంది అన్నాడు.

నా డబ్బాలోనే ఉంది. జూన్‌లో ఆమెకు జలుబు జ్వరం వచ్చినప్పుడు తీసిన పలక, ఇంకా సోడాలో పడలేదు. మందపాటి పూత చూసి నెగెటివ్ అని నేనే రాశాను, పక్కన నా సంతకం. పల్చటి పూత మీద దుమ్ము తప్ప మరేం లేదు, మైక్రోస్కోపు నూనె చుక్క కూడా తగల్లేదు. ఇప్పుడు వేసి చూశాను. అవే కణాలు. పాత ఫారాలు తిరగేస్తే, నేను వచ్చాక ఆమె పలక నా చేతిలోకి ఐదుసార్లు వచ్చింది. ఐదుసార్లూ ఆ వ్యాధి నా కంటికి అంగుళం దూరంలో ఉంది, నేను పక్కనున్న పూత చూసి సంతకం పెట్టాను.

శనివారం ఇంకొకటి చేశాను. ఉప్పు బాగా తగ్గించిన నీళ్ళను గొట్టంలో పోసి ఒక చుక్క రక్తం వేస్తే, మామూలు కణాలు అరగంటలో పగిలిపోయి నీళ్ళు తేటగా అవుతాయి. గొట్టం వెనక తెల్లకాగితం మీద గీసిన నల్లగీత స్పష్టంగా కనబడుతుంది. ఈ జబ్బున్న కణాలు మొండివి, పగలవు, గీత కనబడదు. నా రక్తం వేసిన గొట్టంలో గీత కనబడింది. ఆమె గొట్టంలో కనబడలేదు. ఇది కూడా సూచనే తప్ప రుజువు కాదు, ఇనుము తక్కువున్నవాళ్ళలోనూ ఒక్కోసారి ఇలాగే వస్తుంది. రుజువు కావాలంటే ఒంట్లో దాచిన ఇనుమును కొలిచే ఫెరిటిన్ పరీక్ష, హిమోగ్లోబిన్ రకాలను విడదీసే పరీక్ష చేయాలి. మొదటిది ఖమ్మంలో, రెండోది హైదరాబాదులో. రిపోర్టులకు పది రోజులు. ఇంజక్షన్ సోమవారం.

డాక్టరు ఇంజక్షన్ మొదలుపెడదాం, రిపోర్టులు వచ్చాక చూద్దాం అన్నాడు. జిల్లా సమీక్ష దగ్గర పడింది, ఆయన బాధ ఆయనది. అప్పుడు నేను మా శాఖ ఆయుధమే వాడాను. ఇంజక్షన్ ఫారంలో రక్తపు పూత రిపోర్టుకు ఒక గడి ఉంటుంది. మామూలుగా అందరికీ 'చిన్న, పాలిపోయిన కణాలు' అని ముందే రాసి పెట్టేసేవాళ్ళం. ఆ గడి ఖాళీగా వదిలేశాను. సంతకం పెట్టనన్నాను. ల్యాబ్ సంతకం లేకుండా స్టోర్లో మందు ఇవ్వరు. ఇలా అయితే మీ మీద రాయాల్సి వస్తుందన్నాడు. రాయండి సార్ అన్నాను. కోపంలో గొంతు పెరిగింది, బయట వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. చివరికి పది రోజులు ఆగుదామన్నాడు. మలేరియా మందు మాత్రం శుక్రవారమే మొదలైంది.

నమూనాలు ఐసు ఫ్లాస్కులో పెట్టి నేనే బస్సెక్కి ఖమ్మం పోయి, హైదరాబాదుది అక్కడి నుంచి పంపించాను. ఫెరిటిన్ రిపోర్టు మీద అంకె పక్కన ల్యాబ్ వాళ్ళు ఒక ముక్క రాశారు: యంత్రం కొలవలేనంత ఎక్కువ వస్తే పలుచన చేసి రెండుసార్లు చూశాం, అంకె సరైనదే. హైదరాబాదు రిపోర్టులో బీటా తలసీమియా, మధ్యరకం అని ఉంది. డాక్టరు రెండూ చదివాడు. ఇంజక్షన్ ఫారం ఆయనే చింపేశాడు.

సంగతి ఏమిటంటే, హిమోగ్లోబిన్‌లో రెండు రకాల గొలుసులుంటాయి. వాటిలో బీటా గొలుసును ఎలా తయారుచేయాలో చెప్పే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒక్కటే చెడితే మనిషి దాదాపు మామూలుగా బతుకుతుంది. మస్తాన్ బీ అమ్మానాన్నలది మేనరికం, ఇద్దరి దగ్గరా అదే లోపం ఉంది, రెండూ ఈమెకు వచ్చాయి. గొలుసులు కుదరక ఎర్రకణాలు మజ్జలోనే చచ్చిపోతాయి. రక్తం చాలట్లేదని మజ్జ గోల పెడుతూనే ఉంటుంది. ఆ గోల విని కాలేయం, పేగులో ఇనుము లోపలికి రాకుండా ఆపే హార్మోనును తగ్గించేస్తుంది. హెప్సిడిన్ అంటారు దాన్ని, నేను చాలా తర్వాత చదువుకున్నాను. అది తగ్గితే పేగు తలుపు బార్లా తెరిచినట్టే. ఒంట్లో ఇనుము నిండుగా ఉన్నా ఇంకా పీల్చుకుంటుంది. మాత్ర వేయకపోయినా అన్నంలోంచి పీల్చుకుంటుంది. మేం రోజుకు రెండు మాత్రలు, నాలుక ఎత్తించి మరీ వేశాం. ఇనుమును బయటికి పంపే దారి మన శరీరంలో లేదు. అది పోయి కాలేయంలో, గుండెలో, చక్కెరను అదుపుచేసే గ్రంథిలో కూర్చుంటుంది.

అనుమానంతో ఆమె మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో వేసి కాచాను. నీలంగా ఉండాల్సింది ఇటుకరంగుకు తిరిగింది. చక్కెర వ్యాధి మొదలైపోయింది.

ఆమెను పిలిచి కూర్చోబెట్టి, సైదులు కూడా ఉండగా, ఇదంతా చెప్పాను. మాత్రలు ఆపేయమన్నాను. ఆమె వింటూ ఉంది. అంతా విన్నాక, "మరి నేను మింగినయన్ని యాడికి పోయినయ్ మేడమ్?" అంది.

నీ ఒంట్లోనే ఉన్నాయన్నాను. కాలేయం దగ్గర చేయి పెట్టి చూపించాను.

"అంటే మింగిన్నని ఇప్పుడన్న నమ్ముతున్రా?" అంది. నమ్ముతున్నానన్నాను. "నాకు చెప్తే ఏం లాభం? నన్ను దొంగను చేసింది మీటింగ్ల. ఆడనే చెప్పుండ్రి." సైదులు ఊరుకోమన్నట్టు ఆమె చేయి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. "నువ్వు గూడ అన్నవ్, పారేస్తున్నవా అని. నువ్వు మాట్లాడకు."

తర్వాతి సమావేశంలో లేచి చెప్పాను. ఎదురుగా మింగించమన్న సలహా నాదేనని, ఐదు పలకలు చూడకుండా సంతకం పెట్టింది నేనేనని చెప్పాను. విజయ ఏడ్చింది. డాక్టరు మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చి, ఇక మీద ఎదురుగా మాత్రలు మింగిన నెలకు రక్తం పెరగకపోతే, రెండో కట్ట ఇచ్చేముందు పల్చటి పూత చూడాలని ఆర్డరేశాడు. నాకు పని రెట్టింపయింది. దానికి విసుక్కునే హక్కు నాకు లేదు, అయినా విసుక్కున్నాను.

ఇంకో చిక్కు వచ్చిపడింది. ఐరన్ మాత్రలు విషమని ఊళ్ళల్లో పుకారు లేచింది. నిజంగా ఇనుము లేక, కడుపులో కొంకిపురుగులతో పాలిపోయిన ఆడవాళ్ళు, వాళ్ళే ఎక్కువమంది, మాత్రలు ముట్టుకోవడం మానేశారు. ఈసారి నిజంగానే కోళ్ళకు వేశారు. విజయ గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పుకోలేక, "ఏందీ ఖర్మ మేడమ్" అని ల్యాబ్‌లో కూలబడేది. చివరికి వాళ్ళకు నచ్చజెప్పింది మస్తాన్ బీయే. "నా రక్తం వేరు, మీ రక్తం వేరు. పరీక్ష చేపిచ్చుకొని మింగుండ్రి" అనేది.

హైదరాబాదు డాక్టర్లు ఆమెకు ఇనుమును పట్టి మూత్రంలోకి పంపే మందు పెట్టారు. దాంతో ఒక ప్రమాదముంది. కొందరిలో తెల్లకణాలు ఉన్నట్టుండి పడిపోతాయి. అందుకని వారం వారం లెక్క చూడాలి. ప్రతి మంగళవారం ఆమె ల్యాబ్‌కు వచ్చి వేలు చాపేది. నేను పొడిచి, రక్తం తీసి, మైక్రోస్కోపు దగ్గర కూర్చునేదాన్ని. మిగతావాళ్ళు రిపోర్టు సాయంత్రం వచ్చి తీసుకునేవాళ్ళు. ఆమె పోయేది కాదు. నేను లెక్కంతా ముగించేదాకా నా భుజం పక్కనే నిలబడేది. నేను పెన్ను తీయగానే, "మొత్తం చూసిన్రా?" అని అడిగేది.

నేను రిటైరయ్యేదాకా, ఏడేళ్ళు, ప్రతి మంగళవారం అడిగింది. చక్కెర తగ్గలేదు, సూది మందు మీద ఉంది. కాలేయం ఇంకా చెడకుండా ఆగింది. నన్ను క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు, నేను అడగనూ లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇంతే. రక్తం తక్కువ కావడం వేరు, ఇనుము తక్కువ కావడం వేరు. సాలీ గొట్టం మొదటిదాన్నే చెబుతుంది. మందు పనిచేయనప్పుడు మనిషి అబద్ధమాడుతోందని రాసే ముందు, మనం చూడకుండా వదిలేసింది ఏమన్నా ఉందేమో చూడాలి. చూడనిదానికి సంతకం పెట్టకూడదు. మొత్తం చూశారా అని రోగి అడిగితే, చూశానని నిజంగా చెప్పగలగాలి.